‘ప’ను ‘వ’ చేసిన పెద్దమనిషి

తెలుగు అక్షరాల్లో రెండింటిని అటూ ఇటూ జరిపి, కరీంనగర్, ఆదిలాబాద్ రెండు జిల్లాల వాళ్ళతో ఒకే ఉదయం తిట్లు తిన్న మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడూ నేనే. వాటిలో సగం తిట్లు నా పెండ్లి పత్రిక వల్ల వచ్చాయి, మిగతా సగం పత్తి విత్తనాల వల్ల. రెండింటికీ సంబంధం ఏమిటని అడుగుతారేమో, కాస్త ఓపిక పట్టండి. నాకు మాత్రం ఓపిక లేదు. ఈ కథ ఎత్తుకున్నప్పుడల్లా ఒళ్ళు మండుతుంది. ఎవరి మీద అంటారా? తొంభైల్లో కరీంనగర్‌లో చొక్కా జేబులో ఫ్లాపీ, ముక్కు మీద కోపం పెట్టుకొని తిరిగిన వేణుగోపాల్ అనే వాడి మీద. అంటే నా మీదే. వాడు ఇప్పుడు ఎదురుపడితే ముందు రెండు అంటించి, ఆ తర్వాత కుశలం అడుగుతాను.

అప్పట్లో డీటీపీ సెంటర్లు తొలకరి తర్వాత పుట్టగొడుగుల్లా లేచాయి. పెండ్లి పత్రికలు, కరపత్రాలు, దుకాణాల బోర్డులు, అన్నీ కంప్యూటర్ మీదే. కంప్యూటర్ వచ్చింది కానీ దాంతోపాటు తెలుగు రాలేదు. తెలుగు ఫాంట్లు హైదరాబాద్ నుంచి తాళం వేసుకొని వచ్చేవి. కంప్యూటర్ వెనక ఒక చిన్న డబ్బీ తగిలిస్తేనే అక్షరం కనబడేది. ఆ డబ్బీ అలిగితే ఊళ్ళో శుభకార్యాలు ఆగిపోయేవి. పోనీ, అక్షరంలో తప్పుంటే మనమే దిద్దుకుందామంటే అదీ కుదరదు. అక్షరం వాళ్ళది, అవస్థ మనది.

అందుకని మేం నలుగురం కలిసి మా ఫాంటు మేమే చేసుకున్నాం. మాలో పెద్దవాడు ఖాదర్ భాయ్, కరీంనగర్‌లో ప్రింటింగ్ ప్రెస్ యజమాని. ఆయన ప్రెస్సులో మూలకు పడి ఉన్న సీసం అక్షరాలకు సిరా పూసి, కాగితం మీద అద్ది, ఆ గుర్తుల మీద మేం గీసుకున్నాం. స్వరూపక్కది జగిత్యాలలో డీటీపీ సెంటర్. ఆమె గీసిన గుణింతం చూస్తే ముగ్గు చూసినట్టు ఉండేది. విఠల్‌ది ఆదిలాబాద్, ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, అన్న అనాల్సిన చోట ‘భావూ’ అంటాడు. వత్తులన్నీ అతనివే. ఇక నేను. ఫాంటు తయారుచేసే ప్రోగ్రాం నా కంప్యూటర్లో ఉంది. గీసినవన్నీ అందులోకి ఎక్కించాను. ఫాంటుకు ‘మానేరు’ అని పేరు పెట్టుకున్నాం.

ఖాదర్ భాయ్ మొదటిరోజే ఒక మాట చెప్పాడు. “గిది బావి లెక్క. ఎవలైన తోడుకోవచ్చు. పూడిక తీసుడు గూడ అందరి పనే.” అదే మా రాజ్యాంగం. ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు, బాగుచేసింది మళ్ళీ అందరికీ పంచాలి. హుస్నాబాద్ నుంచి నిర్మల్ దాకా జనం వాడారు, తప్పులు చెప్పారు, చేతనైనవాళ్ళు దిద్ది పంపారు. నెలనెలా మొదటి ఆదివారం ప్రెస్సు మీది గదిలో అందరం కూర్చొని ఏది ఉంచాలో, ఏది మార్చాలో తేల్చుకునేవాళ్ళం. తేలిన మార్పులు ఒకచోట చేర్చి, ఫ్లాపీల మీద ఎక్కించి, బస్సుల్లో పంపడం నా వంతు. అంతే. గది ఊడ్చమని తాళంచెవి ఇస్తే ఇల్లే రాయించుకున్నట్టు, నేను ఆ వంతును పదవి చేసుకున్నాను. ముందు ఒక రబ్బరు స్టాంపు చేయించాను. దాని మీద ‘అధ్యక్షుడు (శాశ్వత)’ అని ఉంటుంది. ఎవరు ఎన్నుకున్నారంటారా? స్టాంపులు చేసేవాడు అడగలేదు, నేను చెప్పలేదు.

కొత్త బిచ్చగాడు పొద్దెరుగడంటారు. కొత్త అధ్యక్షుడు పొద్దే కాదు, అక్కనూ అన్ననూ కూడా ఎరుగడు. ఆ నెల మీటింగ్‌కు స్వరూపక్క ఒక కాగితం తెచ్చింది.

“తమ్మీ, లక్ష్మి అని కొడితే మ వత్తు పోయి పక్కింట్ల పడుతున్నది. జగిత్యాలల ఇంటికొక లక్ష్మి ఉంటది. నేను సక్కగ గీసుకొచ్చిన. పెట్టు.”

“పరిశీలిస్తం అక్కా.”

“ఏం పరిశీలిస్తవ్? కండ్ల ముందటనే ఉన్నది గద.”

“అట్ల కాదు, ఒక పద్ధతి ఉంటది. ముందుగాల దరఖాస్తు రాసియ్యి.”

“ఎవలికి?”

“అధ్యక్షునికి.”

“గా అధ్యక్షుడు ఎవలు?”

నేను స్టాంపు తీసి బల్ల మీద పెట్టాను. ఆమె దానివైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. రెండింటిలో ఏది ఎక్కువ రబ్బరో తేల్చుకుంటున్నట్టు ఉంది ఆ చూపు.

ఈలోగా విఠల్ తన కాగితం తీశాడు. “భావూ, మా దిక్కు మరాఠీ పేర్లు, గోండి మాటలు రాయాల్నంటే చ, జ ఇంకొక తీరుగ పలుకాలె. పాత తెలుగుల గా అక్షరాలున్నయి, ౘ, ౙ అని. గీసి తెచ్చిన.”

“కరీంనగర్ల గవి ఎవలు వాడుతరు?”

“కరీంనగర్ల వాడకుంటే అది అక్షరం కాదా?”

“ఎక్కువమందికి అక్కెర లేనిది పెట్టం.”

“ఎక్కువమందిని ఎప్పుడు అడిగినవ్?”

“అడుగుడెందుకు, నాకు తెలుసు.”

ఖాదర్ భాయ్ మధ్యలో వచ్చాడు. “వేణు, జర ఠండా. గిది మనందరిది.”

“మనందరిదే భాయ్. మనందరి తరఫున నేనున్న గద,” అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా ముఖం ఎలా ఉండి ఉంటుందో ఊహించుకుంటే, ఇప్పటికీ అద్దం పగలగొట్టాలనిపిస్తుంది. అక్కడితో ఆగానా? లేదు. పనంతా నాదైతే తప్పులు పట్టేది మీరా అని అరిచి, వచ్చే నెల నుంచి మీటింగులే ఉండవని ప్రకటించాను.

స్వరూపక్క లేచింది. ఆమె గొంతు పెరగలేదు కానీ ముక్కుపుటాలు అదురుతున్నాయి. “మేం నీ ఇంటికి బిచ్చానికి రాలే వేణూ. నేను గీసిన అక్షరాన్ని నేను దిద్దుతనంటే దరఖాస్తు అంటివి. మంచిగున్నది. నీ ఫాంటు నువ్వే కొట్టుకో, నువ్వే చదువుకో.” విఠల్ తన కాగితం మడిచి జేబులో పెట్టుకొని ఆమె వెనకే మెట్లు దిగాడు.

పీడ విరగడైందనుకున్నాను. అసలు పీడ గదిలోనే కూర్చొని ఉందని తెలియలేదు.

ఇక ఏకచ్ఛత్రాధిపత్యం కదా, ఏదైనా ఘనకార్యం చేయాలి. మా కీబోర్డు మీద ‘ప’ మూలన ఉండేది, చిటికెన వేలు చాచి నొక్కాలి. అది పెండ్లిళ్ళ కాలం. పెండ్లి, పెద్దలు, పిల్లలు, పందిరి అంటూ పొద్దంతా ప కొట్టీ కొట్టీ నా వేలు వాచింది. కాస్త తైలం రాసుకొని పడుకోవాల్సింది. నేను ఏం చేశానంటే, ప ఉన్న చోటికి వ, వ ఉన్న చోటికి ప మార్చేశాను, గుణింతాలతో సహా. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నవాళ్ళ గురించి విన్నాం. నేను పక్క జిల్లాకు కూడా పెట్టాను.

ఇక్కడ ఒక్క ముక్క చెప్పాలి. కంప్యూటర్‌కు తెలుగు రాదు. ఫలానా మీట నొక్కారు అన్నదే అది గుర్తుపెట్టుకుంటుంది. ఆ మీటకు ఏ అక్షరం చూపాలో చెప్పేది ఫాంటు. ఆ జాగాలో నేను అక్షరం మార్చేసరికి, అంతకుముందు ఊరూరా కొట్టి దాచుకున్న ప్రతి ఫైలులో ప అంతా వ అయింది, వ అంతా ప అయింది. ఈ సంగతి తట్టడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. ఎవరినైనా ఒక్కరిని అడిగితే చాలు, వాళ్ళే చెప్పేవాళ్ళు. అడగడమే నామోషీ అయిపోయింది నాకు. పేరైనా మార్చానా? అదే ‘మానేరు’ పేరుతో ఫ్లాపీలు చేసి, పాతది తీసేసి ఇది వేసుకోకపోతే ఇకపై ఏమీ పంపనని బెదిరించి మరీ బస్సులకెక్కించాను.

సరిగ్గా అప్పుడే నా పెండ్లి కుదిరింది. అమ్మాయి పేరు పద్మావతి. వాళ్ళ నాన్న గంగారెడ్డి గారిది నిర్మల్ దగ్గర పెద్ద వ్యవసాయం. మాది హుస్నాబాద్ పక్క ఊరు. మా వైపు పత్రిక స్వరూపక్క కొట్టిచ్చింది. “కోపం అధ్యక్షుని మీద, పెండ్లి మా తమ్మునిది,” అని కబురు చేసి, ఫ్లాపీ పంపింది. ఆమె నా కొత్త ఫాంటు వేసుకోలేదు, పాతదాని మీదే కొట్టింది. ఖాదర్ భాయ్ మాత్రం నా మాట మీద గౌరవంతో ప్రెస్సు కంప్యూటర్లో కొత్తది వేసుకున్నాడు. పాతదాని మీద కొట్టిన పత్రిక కొత్తదాని మీద తెరుచుకుంది. ఆయనకు ఉర్దూ చదవడం నీళ్ళప్రాయం, తెలుగు కూడబలుక్కోవాలి. అందుకే నన్ను పిలిచాడు.

“వేణు, నీ కార్డు వచ్చింది. ప్రూఫ్ జర చూసిపో.”

“స్వరూపక్క కొట్టింది, మన ఫాంటే. ఇంక చూసేదేముంది భాయ్, అచ్చెయ్యండి.”

“ఒక్కసారి చూడు బేటా. పెండ్లి పత్రిక.”

“టైం లేదు భాయ్.”

టైం ఎందుకు లేదంటే, నా గది తలుపు మీద ‘అధ్యక్ష కార్యాలయం’ అని రాయించడానికి పెయింటర్‌ను తీసుకురావాలి. తూ.

కార్డులు ఊరికి చేరాయి. బాపు, అంటే మా నాన్న, మూలలకు పసుపు రాసి, అవ్వతో బొట్టు పెట్టించి, ఊరూరా పంచి వచ్చాడు. ఒక్కరూ ఏమీ అనలేదు. పెండ్లి పత్రిక ఎవరు చదువుతారు? తారీకు చూస్తారు, భోజనాలు ఎక్కడో చూస్తారు, అటక మీద పెడతారు. కానీ మా మామ గంగారెడ్డి వేరే జాతి మనిషి. పేపరు వస్తే టెండరు నోటీసులతో సహా చదివి, చివర అచ్చువేసిన వాడి పేరు కూడా చదివి పక్కన పెట్టే రకం.

ఆ నెల మొదటి ఆదివారం పొద్దున్నే ఆయన నిర్మల్ బస్సు దిగి సరాసరి నా గదికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

“ఏమయ్యా, నీ పేరేంది?”

“వేణుగోపాల్ మామా.”

“మరి గీ కార్డుల పేణుగోవాల్ అని ఉన్నడు, వాడెవడు? నేను నా బిడ్డను పేనుకిస్తున్ననా?”

కార్డు చేతికి తీసుకున్నాను. 

“ఆగు, ఇంకున్నది. నా బిడ్డ పద్మావతి. గీడ వద్మాపతి అయింది. పతి నువ్వా, అదా? వరుడు అని ఉండాల్సిన కాడ పరుడు అనున్నది. పరాయోనికి పిల్లనెట్లిస్తం? అందరు సకుటుంబంగ విచ్చేయాలె అంటరు ఎవలైన. మీరేమో సకుటుంబంగ పిచ్చేసి రమ్మన్నరు. నిర్మల్‌ల మా పాలోళ్లు, సుట్టాలు అడుగుతున్నరు, పిచ్చి లేసినంకనే రావాల్నా, ఉత్తగ వచ్చినా నడుస్తదా అని.”

“మామా, అది ప్రింటింగ్ల జర...”

“కడమది నేను నోటితోని చదవ.” ఆయన వేలు పెట్టి చూపించాడు. మా బాపు మర్యాద గల మనిషి. వధువు తండ్రి పేరుకు ముందు ‘మా వియ్యంకులు’ అని వేయించాలని పట్టుబట్టాడు. ఆ వియ్యంకులు ఏమయ్యారో వ తీసి ప పెట్టి మీరే చదువుకోండి. పైకి చదవకండి, ఇంట్లో పెద్దలుంటారు.

నేను నోరు తెరిచేలోగా మెట్ల మీద అడుగుల చప్పుడు. విఠల్, వెనకే స్వరూపక్క. వాళ్ళను ఖాదర్ భాయ్ తీసుకొచ్చాడు. నేను మీటింగులు రద్దు చేసినా మొదటి ఆదివారం రద్దు కాలేదన్నమాట. విఠల్ చేతిలో కరపత్రాల కట్ట ఉంది. దాన్ని నా బల్ల మీద పడేశాడు.

“చదువు భావూ. గట్టిగ చదువు.”

విత్తనాల దుకాణం కరపత్రం అది. మేలైన పత్తి విత్తనాలు దొరుకుతాయని పోయినేడు కొట్టిన ఫైలు తీసి, విఠల్ జైనూర్ వెళ్ళిన రోజున వాళ్ళ తమ్ముడు, నా బెదిరింపుకు జడిసి కొత్త ఫాంటు వేసుకొని, అచ్చేసి ఇచ్చేశాడు. పత్తి వత్తి అయింది. అది పరవాలేదు, దీపానికైనా పనికొస్తుంది. విత్తనాలు ఏమయ్యాయో, ఇందాకటి లెక్కే, మీరే చూసుకోండి.

“సేటు నన్ను అంగడి నడుమ నిలవెట్టి అడిగిండు,” అన్నాడు విఠల్. అతని కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నవ్వుతో కాదు. “రైతులు ముక్కులు మూసుకొని వస్తున్నరు. సేటూ, గవి ఎకరానికి ఎన్ని పడ్తయి అని. రేపటి సంది ఆయన నాకు పని ఇస్తడా? ఆదిలాబాద్ల ఇంకెవలన్న ఇస్తరా?”

అప్పుడైనా తప్పయిందని ఒక్కమాట అనాలి కదా. వాడు, ఆ వేణుగాడు ఏమన్నాడో తెలుసా? “పాత ఫైళ్ళు వాడుడు మీ తప్పు. కొత్తదని నేను ఫ్లాపీ మీద రాయలేదా?”

“ఏం రాసినవ్?” అంది స్వరూపక్క. “మెరుగుపరచబడినది అని రాసినవ్. ఏం మెరుగైంది? ఎవలడిగిండ్రు? ఎవల కోసం మార్చినవ్?”

నేను స్టాంపు తీసి సొరుగులో పెట్టాను.

“చెప్పు వేణూ. ఎవల కోసం?”

నేను నా చిటికెన వేలు పైకెత్తాను. “గీ వేలు నొస్తుండె.”

 మామ దగ్గరికొచ్చి, కళ్ళజోడు సర్దుకొని, ఆ వేలును పరీక్షగా చూశాడు. రెండు జిల్లాల పరువు తీసిన వేలు ఇంత చిన్నదా అని నమ్మకం కుదరనట్టు వెనక్కి జరిగాడు.

ఖాదర్ భాయ్ ఎన్నడూ గొంతు పెంచే మనిషి కాదు. ఆరోజు పెంచాడు. “నా సీసం అక్షరాలు నమ్మి ఇచ్చిన నీకు. మా అబ్బాజాన్ కాలం సంది నా ప్రెస్సుల పెండ్లి పత్రిక మీద తప్పు రాలే. గియాళ గీ కార్డు అడుగున నా ప్రెస్ పేరున్నది.” మామ కార్డు తిప్పి చూసి నెమ్మదిగా అన్నాడు, “అది గూడ తప్పే భాయ్. వ్రెస్ అనున్నది.”

అప్పుడు కూలబడ్డాను కుర్చీలో. ఎవరి మొహమూ చూడలేక తప్పు నాదేనన్నాను. ఇంత చిన్న మాట పలకడానికి ఒక పెండ్లి, ఒక పంట కావాల్సి వచ్చింది.

“మీ ఫాంటో గీంటో నాకు తెల్వది,” అన్నాడు మామ, ఈసారి కూర్చొని. “మా చెరువు తూము కాడ ఒక నీరటి ఉంటడు. తూము తెరుస్తడు, మూస్తడు. ఏ మడికి ఎన్ని నీళ్లో రైతులు కూసొని తేల్చినట్టే ఇడుస్తడు. చెరువు నాదే అన్ననాడు వాణ్ని తీసి ఇంకొకణ్ని పెడ్తం. గంతే కథ.”

స్వరూపక్క సంచిలోంచి ఒక ఫ్లాపీ తీసింది. పాత మానేరునే తీసుకొని, అందులో తన లక్ష్మిని, విఠల్ పోస్టులో పంపిన ౘ, ౙలను పెట్టి, వేరే పేరుతో ఫాంటు చేసి ఉంచిందట. పాత ఫైళ్ళన్నీ అందులో చక్కగా తెరుచుకుంటున్నాయి. పేరు ‘గోదారి’. “పేరు ఎందుకు మార్చిననంటే, నీ దానితోని కలిసి పరేషాన్ కావద్దని. గా పాటి తెలివి నీకుండకపాయె,” అంది.

నాకు రోషం పొడుచుకొచ్చింది. నా మానేరును కాదని ఇంకొకటా? ఆ రోషాన్ని మామే ఆర్పేశాడు. “మానేరు ఎన్ని వంకలు తిరిగినా ఆఖరికి గోదారిలనే కలుస్తది గద అల్లుడూ.” అల్లుడూ అన్నాడు. పెండ్లి ఆగలేదని నాకు అప్పుడు తెలిసింది.

ఆరోజే గోదారి మీద కొత్త కార్డులు అచ్చయ్యాయి, విఠల్‌కు కొత్త కరపత్రాలు కూడా. కరపత్రాలతో నేనే ఆదిలాబాద్ పోయి, అంగడి నడుమ నిలబడి, సేటుకు తప్పు నాదని చెప్పుకున్నాను. సేటు చాలాసేపు తిట్టాడు. మరాఠీలో కూడా తిట్టాడు, విఠల్ వద్దన్నా వినకుండా అర్థం చెప్పించుకున్నాను.

కార్డులు మార్చడానికి మాత్రం బాపు వెంట ఇల్లిల్లూ తిరగాల్సి వచ్చింది. దారి పొడవునా బాపు ఒకటే సణుగుడు. “సదువుకున్నోనివని కంప్యూటర్ పెట్టిస్తి. మర్యాదకు ఒక్క మాట ఏపిస్తే, బావను తీసుకపోయి దేంట్ల ముంచినవ్‌రా?” అంతకన్నా కష్టం ఏమిటంటే, పాత కార్డు ఎవరూ తిరిగివ్వరు. అప్పటిదాకా చదవనివాళ్ళు కూడా మేం మార్చడానికి వచ్చామనగానే చదివారు. మా మేనత్త అయితే కార్డును బీరువాలో పెట్టి తాళం వేసింది. “ఉండనీ బిడ్డా. గిసొంటి కార్డు మళ్ల దొరుకది.”

పెండ్లి జరిగింది. పందిట్లో నన్ను వేణు అని పిలిచినవాళ్ళు తక్కువ. మేమిద్దరం పక్కపక్కన కూర్చొని తినే బువ్వం బంతిలో పద్మ నాతో మాట్లాడిన మొదటి మాట, “పేణుగోవాల్ గారూ, నీళ్లు గావాల్నా?”

తర్వాతి మొదటి ఆదివారం ప్రెస్సు మీది గదిలో మళ్ళీ మీటింగ్. చూస్తానని పద్మ కూడా వచ్చింది. శాశ్వత పదవులు లేవని, ఫ్లాపీలు పంపే పని ఏటేటా ఒకరికి మారాలని, ఏ మార్పైనా అందరూ వాడి చూసి ఒప్పుకున్నాకే పెట్టాలని తేల్చారు. ఆ ఏడు పని విఠల్‌కు ఇచ్చారు. నా స్టాంపు స్వరూపక్క కిటికీ లోంచి విసిరేసింది. నన్ను మామూలు సభ్యుడిగా ఉండనిచ్చారు. ఒక షరతు మాత్రం నా ఒక్కడికే పెట్టారు, చెయ్యెత్తి, అనుమతి వచ్చాకే మాట్లాడాలని.

దిగివస్తుంటే మెట్ల మీద పద్మ అడిగింది. “చెయ్యెత్తకుంటె మాట్లాడనియ్యరా మిమ్ముల?”

“ఇయ్యరు.”

“ఎత్తినా, వాళ్లు సరే అంటేనేనా?”

“అంతే.”

ఆమె రెండు మెట్లు ఆలోచించింది. “మంచి పద్ధతి. ఇంట్ల గూడ గిట్లనే చేద్దాం.”

కాబట్టి మహాజనులారా, గోదావరి మీద, గోదావరిలో కలిసిన మానేరు మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. నలుగురూ కలిసి కట్టుకున్నదాన్ని నాదని అనను. ఎవరినీ అడగకుండా ఒక్క పొల్లు కూడా కదపను. ఇంకో రెండు ముక్కలు కూడా ప్రమాణంలో చేర్చాలని చాలా ఏళ్ళుగా చెయ్యెత్తి కూర్చున్నాను. పద్మ ఇంకా సరే అనలేదు.